చేతి వణుకుకు వేసుకున్న బిళ్ల ఊపిరికి అడ్డం పడింది

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో లెక్కలు రాస్తాను. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. నీలం రంగు ఆస్థలిన్ ఇన్‌హేలర్ ఒక్కటే వాడతాను. ఇదివరకు రెండు పఫ్‌లు పీలిస్తే ఆ పూటకి హాయిగా ఉండేది. ఇప్పుడు రోజుకు ఎనిమిది, పది పఫ్‌లు పడుతున్నాయి, డబ్బా నెల కూడా రావడం లేదు. పీల్చగానే గుండె దడ, చెయ్యి వణుకు. పద్దు పుస్తకంలో అంకెలు వంకరపోతున్నాయి. మెడికల్ షాపులో చెబితే వణుక్కి ప్రొప్రనొలాల్ బిళ్లలు ఇచ్చారు. వణుకు తగ్గింది గానీ, అవి మొదలుపెట్టిన దగ్గర్నుంచి తెల్లవారుజామున లేచి కూర్చోవాల్సి వస్తోంది. ఇన్‌హేలర్ పీల్చినా పిల్లికూతలు తగ్గడం లేదు. ఇంట్లోవాళ్లేమో ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, అది మానేసి ఆస్థలిన్ బిళ్లలు వేసుకో అంటున్నారు. ఒకే మందు ఊపిరి తెరిచి, చెయ్యి ఎందుకు వణికిస్తుంది? గుండె దెబ్బతింటుందా? మా నాన్నగారికీ ఆయాసం ఉంది. ఆయన గ్లకోమాకు (నీటికాసులు) కంట్లో చుక్కలు వేసుకుంటారు. ఆయనకు ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మీ చేతి వణుకు కాదు, దానికోసం వేసుకున్న బిళ్ల. ఆ ప్రొప్రనొలాల్ ఆపేయమని మీకు ముందే ఫోన్ చేయించి చెప్పాం. ఇక్కడ మళ్లీ రాస్తున్నది మిగతా పాఠకుల కోసం. మీరు వేసుకున్నది కొద్ది రోజులే, అదీ వణుకు కోసమే. కాబట్టి ఆపినందువల్ల ఇబ్బంది లేదు. గుండెజబ్బుకో బీపీకో ఏళ్ల తరబడి ఈ కుటుంబం మందులు, అంటే బీటా బ్లాకర్లు, వాడుతున్నవాళ్లు మాత్రం ఈ మాట చదివి ఒక్కసారిగా మానేయకూడదు. అలా మానేస్తే గుండెకు ప్రమాదం. వాళ్లు డాక్టరుతో మాట్లాడే మార్చుకోవాలి.

మందు ప్రభావం పోవడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఈలోగా వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించుకునే ప్లాస్టిక్ గొట్టం) ఆస్థలిన్ పీలుస్తూ ఉండండి. మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకూ 4 నుంచి 10 పఫ్‌ల దాకా పీల్చవచ్చు. వచ్చినవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట, "నేను ప్రొప్రనొలాల్ వేసుకున్నాను" అని. ఆ ఒక్క మాటతో వాళ్లు ఎంచుకునే మందు మారుతుంది. ఎందుకు మారుతుందో కిందకి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఒకే మందు ఊపిరి తెరిచి చెయ్యి ఎందుకు వణికిస్తుంది?

మన శ్వాసనాళాల గోడల చుట్టూ సన్నటి కండరం ఉంటుంది. ఉబ్బసంలో అది బిగుసుకుంటుంది, దారి ఇరుకవుతుంది, ఆ ఇరుకులోంచి గాలి వెళ్లేటప్పుడు పిల్లికూతలు వినపడతాయి. ఆ కండర కణాల పైపొరలో బీటా-2 రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. సాల్బుటమాల్, అంటే మీ నీలం ఇన్‌హేలర్లోని మందు, బయటి వైపు నుంచి దానికి అతుక్కుంటుంది. అతుక్కోగానే లోపలి వైపు ఒక ఎంజైము పని మొదలుపెట్టి సైక్లిక్ ఏఎంపీ అనే అణువులను తయారు చేస్తుంది. అవి పెరిగితే కణంలో కాల్షియం తగ్గుతుంది. కాల్షియం తగ్గితే కండరం బిగుసుకోలేదు, వదులవుతుంది. ఇదంతా మొదలవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ హాయి 4 నుంచి 6 గంటలు ఉంటుంది. ఈ రిసెప్టర్ల కుటుంబం ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పినందుకే రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. కోబిల్కా బృందం 2007లో, 2011లో ఆకారం బయటపెట్టింది సరిగ్గా ఈ బీటా-2 రిసెప్టర్‌దే.

ఈ రిసెప్టర్లు మందు కంపెనీల కోసం పుట్టినవి కావు. మూత్రపిండాల మీద ఉండే గ్రంథుల నుంచి రక్తంలోకి వచ్చే అడ్రినలిన్ కోసం ఉన్నవి. మనిషి శ్వాసనాళాల కండరాన్ని వదులు చేసే అడ్రినలిన్ తరహా నరాలు అక్కడికి దాదాపు రావు. రిసెప్టర్లు మాత్రం దండిగా ఉంటాయి. అవి ఆధారపడేది రక్తంలో తిరిగే అడ్రినలిన్ మీదే. రాత్రిపూట ఆ అడ్రినలిన్ తగ్గుతుంది. శరీరంలో తయారయ్యే స్టెరాయిడ్, కార్టిసాల్, కూడా అర్ధరాత్రి వేళ అడుగంటుతుంది. నాళాలను బిగించే వేగస్ నరం జోరు పెరుగుతుంది. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్లకు తెల్లవారుజాము కష్టకాలం. మీరు ఆ కొద్దిపాటి అడ్రినలిన్ పనిని కూడా ప్రొప్రనొలాల్‌తో అడ్డుకున్నారు.

ఎలా అడ్డుకుందంటే, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు. తువ్వాలు ప్రయాణం చేయదు, టికెట్ కొనదు. కానీ అది ఉన్నంతసేపూ ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోలేరు. ప్రొప్రనొలాల్ కూడా బీటా రిసెప్టర్‌లో అలాగే చోటు ఆక్రమిస్తుంది. లోపల ఏ పనీ మొదలుపెట్టదు, అడ్రినలిన్‌నూ సాల్బుటమాల్‌నూ రానివ్వదు. గుండెలో ఉండే బీటా-1, ఊపిరితిత్తుల్లో ఉండే బీటా-2 అనే తేడా దానికి లేదు, రెండింట్లోనూ తువ్వాలు వేస్తుంది. మీ ఇన్‌హేలర్ పనిచేయకపోవడానికి డబ్బాలో లోపం లేదు. మందు వెళ్లింది, దానికి సీటు దొరకలేదు.

మీ చెయ్యి వణకడం కూడా ఈ రిసెప్టర్ పనే. చేతి కండరాల్లోనూ బీటా-2 రిసెప్టర్లు ఉన్నాయి. పీల్చిన మందులో కొంత ఊపిరితిత్తుల నుంచీ, గొంతులో పడి మింగినది పేగుల నుంచీ రక్తంలో కలుస్తుంది. అది చేతి దాకా వెళితే వణుకు. గుండె విషయం కొంచెం మెలికగా ఉంటుంది. అక్కడ ఎక్కువ బీటా-1 ఉన్నా, బీటా-2 కూడా కొన్ని ఉన్నాయి. పైగా రక్తనాళాలు బీటా-2 వల్ల కాస్త వదులైతే, ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. దడ అంటే అదే. ప్రొప్రనొలాల్ మీ వణుకు తగ్గించింది నిజమే. చేతిలో సీటు ఆపింది కాబట్టి తగ్గించింది. ఊపిరితిత్తుల్లో ఉన్న సీటు కూడా అదే రకం అని మీకు మందు ఇచ్చిన మనిషి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఉత్తరం రాయాల్సిన పని పడేది కాదు. ఉబ్బసం ఉందా అని అడగకుండా ఈ బిళ్ల ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. వణుక్కే కాదు, మైగ్రేన్‌కీ, స్టేజీ ఎక్కేముందు టెన్షన్‌కీ కూడా దీన్ని పంచిపెట్టేస్తున్నారు.

గుండె దెబ్బతింటుందా అన్నారు. మామూలు మోతాదులో పీల్చినప్పుడు వచ్చే దడ కాసేపటికి తగ్గిపోతుంది, గుండెను పాడుచేయదు. దడతో పాటు ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కొట్టుకోవడం లయ తప్పినట్టు అనిపించడం ఉంటే మాత్రం ఈసీజీ తీయించాలి. రోజుకు పది పఫ్‌లు దాటుతూ, దానికి తోడు నెబ్యులైజర్ కూడా పెట్టించుకునేవాళ్లలో రక్తంలో పొటాషియం పడిపోవచ్చు. బీపీకి నీరు తీసే బిళ్లలు వాడేవాళ్లకు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. దడ తగ్గనప్పుడు ఆ పరీక్ష కూడా చేయించడం మంచిది.

అసలు సాల్బుటమాల్ పుట్టిందే గుండెను కాపాడడానికి. 1948లో అమెరికా శాస్త్రవేత్త రేమండ్ అల్‌క్విస్ట్ అడ్రినలిన్ రిసెప్టర్లను ఆల్ఫా, బీటా అని విడదీశాడు. 1960ల్లో ఇంగ్లండులో ఉబ్బసానికి ఐసోప్రెనలిన్ స్ప్రే వాడేవారు. అది బీటా-1, బీటా-2 తేడా లేకుండా రెండింటినీ రేపేది. ఎక్కువ మోతాదు స్ప్రేలు వచ్చాక ఉబ్బసంతో చనిపోయే యువకుల సంఖ్య పెరిగి పెద్ద అలజడి అయింది. 1967లో బీటా రిసెప్టర్లు రెండు రకాలని తేలింది. ఆ సమయానికే ఇంగ్లండులో ఒక మందుల కంపెనీ పరిశోధకుడు డేవిడ్ జాక్ బృందం ఊపిరితిత్తుల వైపు మొగ్గే మందు కోసం పనిచేస్తోంది. అలా వచ్చిన సాల్బుటమాల్ 1969లో మార్కెట్లోకి దిగింది. గుండెను పూర్తిగా వదిలేస్తుందని కాదు, చాలావరకు వదిలేస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ల సలహా. ఇన్‌హేలర్ మానేసి బిళ్ల వేసుకోమన్నారు. లెక్కలు రాసేవారు కాబట్టి లెక్కే చెబుతాను. ఒక పఫ్‌లో సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. బిళ్లలో 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. ఒక్క బిళ్ల నలభై పఫ్‌లకు సమానం. అదంతా పేగుల గుండా, రక్తం గుండా ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. నెమ్మదిగా పనిచేస్తుంది, చెయ్యి ఇంకా ఎక్కువ వణుకుతుంది, దడ పెరుగుతుంది. ఇన్‌హేలర్ బలమైన మందు, బిళ్ల సాధువు అని మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం పూర్తిగా తలకిందులు. దయచేసి ఆ మార్పు చేయకండి.

"అలవాటైపోతుంది" అన్న మాటలో మాత్రం ఒక చిన్న నిజం దాగి ఉంది, దాన్ని కొట్టిపారేయను. మత్తుమందులా అలవాటు కాదు. కానీ బీటా-2 రిసెప్టర్‌ను రోజూ పదే పదే రేపుతూ ఉంటే కణం వాటిలో కొన్నింటిని పైపొర నుంచి లోపలికి లాగేసుకుంటుంది, మిగిలినవి మందకొడిగా స్పందిస్తాయి. కండరంలో రిసెప్టర్లు అవసరానికి మించి ఉన్నాయి కాబట్టి ఊపిరి తెరుచుకునే గుణం పెద్దగా తగ్గదు. తగ్గేది ఇంకొకటి. దుమ్ము, ఘాటు తగిలినప్పుడు నాళాలు బిగుసుకోకుండా ఆ మందు ఇచ్చే రక్షణ పలచబడుతుంది. మీలాంటి చోట పనిచేసేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ రక్షణే.

అయినా రెండు పఫ్‌లు పది కావడానికి ముఖ్య కారణం ఇది కాదు. ఉబ్బసం కండరం జబ్బు మాత్రమే కాదు. నాళాల లోపొర వాచి ఉంటుంది, జిగురు ఊరుతుంది, ఆ వాపు వల్ల కండరం చిన్నదానికే చిరాకు పడుతుంది. సాల్బుటమాల్ కండరాన్ని వదులు చేస్తుంది, వాపును ముట్టుకోదు. మీరు ఇన్నేళ్లుగా వాపును అలాగే వదిలేసి బిగుతును మాత్రం సడలిస్తూ వచ్చారు. హాయిగా ఉంది కాబట్టి జబ్బు అదుపులో ఉందనుకున్నారు. ఏడాదికి 3 డబ్బాలు, అంతకు మించి నీలం ఇన్‌హేలర్ వాడేవాళ్లకు తీవ్రమైన అటాక్‌లు ఎక్కువ వస్తాయనీ, 12 దాటితే ప్రాణాపాయం కూడా పెరుగుతుందనీ అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు ఇచ్చే గినా చెబుతోంది. 2019లో వాళ్లు ఒక అడుగు ముందుకేసి, పెద్దవాళ్లలో సాల్బుటమాల్ ఒక్కటే పెట్టి వైద్యం చేయడాన్ని ఇక సిఫారసు చేయం అన్నారు. మీరు నెలకో డబ్బా పైనే వాడుతున్నారు.

మీకు కావలసింది పీల్చే స్టెరాయిడ్. స్టెరాయిడ్ అనగానే మొహం తిప్పుకోకండి. పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. అది కణం పైపొర మీద కాకుండా లోపల ఉండే వేరే రిసెప్టర్‌కు అతుక్కుని, వాపు పుట్టించే జన్యువుల నోరు మూయిస్తుంది. దానితో పాటు కొత్త బీటా-2 రిసెప్టర్ల తయారీని పెంచుతుంది. అంటే మీ నీలం ఇన్‌హేలర్ వాడి వాడి అరగదీసిన చోటును ఇది మరమ్మతు చేస్తుంది. ఫలితం రోజుల్లో, వారాల్లో కనిపిస్తుంది, నిమిషాల్లో కాదు. మొదటి రోజు ఏమీ తెలియలేదని చాలామంది మానేస్తారు. మన దగ్గర వైద్యం విఫలమయ్యేది ఎక్కువగా ఈ చోటే.

ఇప్పుడు చాలామంది డాక్టర్లు బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ రాస్తున్నారు. మన షాపుల్లో ఫొరాకార్ట్ లాంటి పేర్లతో దొరుకుతుంది. ఫార్మోటెరాల్ కూడా బీటా-2 మందే. కానీ దానికి రెండు మంచి గుణాలు ఉన్నాయి. నిమిషాల్లో పని మొదలుపెడుతుంది, 12 గంటలు నిలుస్తుంది. అందువల్ల రోజూ వేసుకునేదీ, ఆయాసం వచ్చినప్పుడు పీల్చేదీ ఒకే ఇన్‌హేలర్ కావచ్చు. ఆయాసం వచ్చిన ప్రతిసారీ స్టెరాయిడ్ కూడా లోపలికి వెళుతుంది. రోజుకు ఎన్నిసార్లు, గరిష్ఠంగా ఎంత అన్నది మీ డాక్టరు రాసిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సెరోఫ్లో లాంటి వాటిలో ఉండేది సాల్మెటెరాల్. అదీ 12 గంటల మందే గానీ నెమ్మదిగా లేస్తుంది. దాన్ని ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందుగా వాడకూడదు. డబ్బా రంగు చూసి కాదు, మీద రాసిన మందు పేరు చూసి పీల్చండి. స్టెరాయిడ్ లేకుండా ఈ 12 గంటల మందులను ఒంటరిగా వాడడం ఉబ్బసంలో ప్రమాదం. 2006లో అచ్చయిన ఒక పెద్ద అమెరికన్ పరిశీలనలో సాల్మెటెరాల్ తీసుకున్నవాళ్లలో ఉబ్బసం మరణాలు 13, తీసుకోనివాళ్లలో 3.

మీరు యార్డు గురించి రాశారు కాబట్టి ఇంకో రిసెప్టర్ సంగతి చెప్పకుండా వదిలిపెట్టలేను. మిరపకాయలోని క్యాప్సైసిన్ శ్వాసనాళాల్లోని స్పర్శ నరాలను మండిస్తుంది. ఆ కబురు మెదడుకు వెళ్లి, వేగస్ నరం గుండా తిరిగి వస్తుంది. వేగస్ నరం చివర ఎసిటైల్‌కోలిన్ విడుదలై కండరం మీది ఎం-3 అనే రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. కండరం బిగుసుకుంటుంది, జిగురు ఊరుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే చోట మామూలు మనిషి దగ్గి ఊరుకుంటే, మీకు పిల్లికూతలు రావడానికి ఇదొక దారి. ఈ ఎం-3 సీట్లో తువ్వాలు వేసే మందు ఇప్రట్రోపియం. డ్యూలిన్ అనే నెబ్యులైజర్ మందులో ఇది కూడా ఉంటుంది. బీటా రిసెప్టర్‌తో దీనికి పని లేదు. అందుకే ప్రొప్రనొలాల్ వేసుకున్న మనిషికి అటాక్ వస్తే డాక్టర్లకు ఇది అక్కరకొస్తుంది. 108 వాళ్లకు ముందు ఆ మాట చెప్పమన్నది ఇందుకే. పని మొదలవడానికి మాత్రం పావుగంట నుంచి అరగంట తీసుకుంటుంది. 24 గంటలు నిలిచే టయోట్రోపియం కూడా ఈ జాతిదే. స్టెరాయిడ్, ఫార్మోటెరాల్ రెండూ చాలనివాళ్లకు అదనంగా ఇస్తారు.

మన పెద్దలు ఉబ్బసానికి ఉమ్మెత్త ఆకు పొగ పీల్చేవారని వినే ఉంటారు. అది మూఢనమ్మకం కాదు. ఉమ్మెత్తలోని అట్రోపిన్ ఇదే ఎం-3ను అడ్డుకుంటుంది. 19వ శతాబ్దం మొదట్లో ఆ పద్ధతి మద్రాసు నుంచే బ్రిటన్ చేరింది. కానీ ఉమ్మెత్త మెదడుకు ఎక్కి పిచ్చి పట్టిస్తుంది, ప్రాణం తీస్తుంది. ఇప్రట్రోపియం మెదడులోకి పోకుండా తయారు చేసిన దాని బంధువు. ఆకు జోలికి వెళ్లకండి.

ఆయాసానికి వాడే డెరిఫిల్లిన్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు ఇస్తారు, అందుకే ఒక మాట. అందులోని థియోఫిలిన్ సైక్లిక్ ఏఎంపీని విరిచే ఎంజైమును ఆపుతుంది. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య జాగా చాలా తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు తోడైతే రక్తంలో అది పెరిగిపోతుంది. డాక్టరు చెప్పకుండా కొనుక్కోవద్దు.

పఫ్ పీల్చే తీరు కూడా ఒకసారి సరిచూసుకోండి. డబ్బా బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టాక నొక్కాలి, పది సెకన్లు బిగబట్టాలి. తర్వాతి పఫ్‌కు అరనిమిషం ఆగాలి. స్పేసర్ కొనుక్కుంటే గొంతులో పడేది తగ్గుతుంది. పొడి మందు పీల్చే రోటాహేలర్ అయితే దీనికి వ్యతిరేకం, ఒక్కసారిగా గట్టిగా పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్నది పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. గోతాల దగ్గర నిలబడాల్సి వచ్చినప్పుడు మాస్కు పెట్టుకోండి. లెక్కల బల్ల కాస్త దూరంగా వేయించుకోగలిగితే ఇంకా మంచిది, షాపు యజమానిని అడగడానికి మొహమాటపడకండి.

ఇక మీ నాన్నగారు. ఆయన కంటి చుక్కల సీసా తీసి మందు పేరు చదవండి. టైమోలాల్ అని ఉంటే, అది కూడా ప్రొప్రనొలాల్ లాగే బీటా రిసెప్టర్లన్నిటినీ అడ్డుకునే మందు. కంట్లో వేసిన చుక్క కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి నేరుగా రక్తంలో కలుస్తుంది. కంటి చుక్కే కదా అని డాక్టరుకు ఎవరూ చెప్పరు, ఆయాసం ఎందుకు పెరిగిందో నెలల తరబడి అంతుపట్టదు. అలాగని చుక్కలు మీరే ఆపేయకండి, గ్లకోమాలో చూపు పోతే తిరిగి రాదు. ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి "వీరికి ఆయాసం ఉంది" అని చెప్పండి. లాటనోప్రోస్ట్ లాంటి వేరే జాతి చుక్కలు ఉన్నాయి. ఆయన ఆయాసం ఉబ్బసమా, ఎక్కువగా పొగతాగడం వల్ల వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బా, గుండెదా అన్నది స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి చేసే ఊపిరి పరీక్ష), ఈసీజీ చేసి తేల్చాలి. అది తేలేదాకా మీ ఇన్‌హేలర్ ఆయనకు ఇవ్వొద్దు. నెబ్యులైజర్‌లో ఇప్రట్రోపియం పెట్టాల్సి వస్తే మాస్కు ముక్కు దగ్గర వదులుగా లేకుండా చూడమనండి. ఆ మందు తుంపర కంట్లో పడితే కొన్ని రకాల గ్లకోమాలో కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మౌత్‌పీస్ దొరికితే అదే మేలు.